మేలురకం మౌత్ ఆర్గాన్: చిన్న సంస్థలు, సొంత దేశపు తయారీ

మౌత్ ఆర్గాన్ తయారీ ప్రపంచంలో కొద్ది ఊళ్ల చేతుల్లో ఉన్న పరిశ్రమ. జర్మనీలో ట్రోసింగెన్, క్లింగెంథాల్, జపాన్‌లో హమామత్సు, టోక్యో, బ్రెజిల్‌లో బ్లూమెనౌ, చైనాలో కొన్ని పట్టణాలు. కచేరీల్లో వినిపించే వాయిద్యాలు దాదాపు అన్నీ ఈ చోట్ల నుంచే వస్తాయి. గిటార్లు చేసే చిన్న వర్క్‌షాపులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. బొబ్బిలిలో, నూజివీడులో వీణలు చేసే కుటుంబాలున్నాయి. కానీ మౌత్ ఆర్గాన్‌ను మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేసే చిన్న సంస్థ అరుదు. ఈ వాయిద్యాన్ని లక్షల సంఖ్యలో కొన్న అమెరికాలో కూడా స్వదేశీ తయారీదారులు చాలాకాలం అరుదే. 2008 ప్రాంతంలో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో ఒక చిన్న సంస్థ ఆ లోటు తీర్చడానికి పూనుకుంది. 2011లో అది మూతపడింది. అరచేతిలో ఇమిడే వస్తువును మేలుగా చేయడం ఇంత కష్టం ఎందుకైందో తెలియాలంటే ముందు దాని కడుపులో ఏముందో చూడాలి.

బ్లూస్, జానపద, సినిమా సంగీతాల్లో ఎక్కువగా వినిపించే డయటానిక్ మౌత్ ఆర్గాన్‌కు పది రంధ్రాలు, ఇరవై రీడ్లు ఉంటాయి. మధ్యలో కోంబ్ అనే చట్రం ఉంటుంది. పది గదులుగా చీలిన ఈ చట్రాన్ని చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో లోహంతోనో చేస్తారు. దానికి పైనొకటి, కిందొకటి ఇత్తడి రీడు ప్లేట్లు, వాటి మీద రేకు మూతలు ఉంటాయి. పై ప్లేటులోని పది రీడ్లు ఊదినప్పుడు, కింది ప్లేటులోని పది పీల్చినప్పుడు పలుకుతాయి. సి శ్రుతి వాయిద్యంలో ఊదితే సి, ఇ, జి స్వరాలు వరుసగా మళ్లీ మళ్లీ వస్తాయి. పీలిస్తే మిగిలిన స్వరాలు వస్తాయి. ఈ అమరికను రిక్టర్ ట్యూనింగ్ అంటారు. పాట శ్రుతి మారితే వాయించేవారు వాయిద్యాన్నే మార్చాలి. అందుకే చాలామంది దగ్గర పన్నెండు శ్రుతుల సెట్టు ఉంటుంది.

మూతలను ప్రెస్సు మీద కొట్టవచ్చు, కోంబ్‌ను సీఎన్‌సీ యంత్రం మీద చెక్కవచ్చు. ఏ మోస్తరు వర్క్‌షాపుకైనా అవి సాధ్యమే. పరీక్ష పెట్టేది రీడు. రీడు అంటే ఒక కొస ప్లేటుకు రివెట్టుతో బిగించి, రెండో కొస స్వేచ్ఛగా ఊగే సన్నని లోహపు పట్టీ. దాని అడుగున సరిగ్గా దాని ఆకారంలోనే చీలిక ఉంటుంది. గాలి తగలగానే పట్టీ ఆ చీలికలోకి, బయటికి ఊగుతూ స్వరం పుట్టిస్తుంది. పట్టీ అంచుకు, చీలిక అంచుకు మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతులు కొన్నే ఉండాలి. ఖాళీ ఎక్కువైతే గాలి వృథా అయి స్వరం నీరసంగా వస్తుంది. మరీ తక్కువైతే పట్టీ అంచు ప్లేటుకు రాసుకుని గరగరమంటుంది.

రీడు కంపన సంఖ్య దాని మందాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. ఈ సూత్రం చెప్పుకోవడానికి సులువే గానీ తయారీలో దాని ఫలితం కఠినం. పొడవులో ఒక శాతం తేడా వస్తే కంపన సంఖ్య దాదాపు రెండు శాతం మారుతుంది, అంటే సుమారు 34 సెంట్లు. అర్ధస్వరానికి వంద సెంట్లు కాబట్టి ఇది మూడో వంతు అర్ధస్వరం. మందంలో ఒక శాతం తేడాకు 17 సెంట్లు జరుగుతాయి. అలవాటుపడిన చెవి అంతకంటే చాలా చిన్న తేడాను కూడా పట్టేస్తుంది. అందుకే ప్రతి రీడునూ అచ్చు తీసిన తర్వాత చేత్తో శ్రుతి చేయాలి. కొస దగ్గర లోహాన్ని గీకితే స్వరం పైకి జరుగుతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. ఒక సెట్టులోని పన్నెండు వాయిద్యాలకు మొత్తం 240 రీడ్లు. జి శ్రుతి వాయిద్యపు మొదటి స్వరం 196 హెర్ట్జ్ దగ్గర మొదలై, ఎఫ్ షార్ప్ వాయిద్యపు చివరి స్వరం సుమారు 2,960 హెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది. అంటే నాలుగు సప్తకాలు, 48 స్వరాలు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు ఒక్క వాయిద్యం బాగా చేసి ఊరుకోలేరు. బొద్దు రీడు నుంచి చిట్టి రీడు దాకా ఈ శ్రేణి మొత్తాన్నీ మొదటి రోజు నుంచే అదుపులో పెట్టుకోవాలి.

శ్రుతి విషయంలో ఇంకో చిక్కు ఉంది. పియానోకు సరిపోయే సమాన విభజన శ్రుతి ఒకటి, తీగలు మీటినట్టు స్వరాలు కలిసి మోగే శుద్ధ శ్రుతి ఇంకొకటి. జర్మనీలోని హోనర్ సంస్థ చేసిన పాత మెరైన్ బ్యాండ్ వాయిద్యాల్లో పీల్చే వైపు జి, బి, డి, ఎఫ్ స్వరాలు 4:5:6:7 నిష్పత్తిలో ఉండేవి. అందువల్ల ఆ ఎఫ్ పియానో ఎఫ్ కంటే సుమారు 31 సెంట్లు తక్కువగా పలికేది. నాలుగు స్వరాలూ కలిపి పీలిస్తే వచ్చే తీయదనం దాని వల్లే. ఆ ఎఫ్‌ను ఒంటరిగా వాయిస్తే మాత్రం అపస్వరంలా తోస్తుంది. ఈ రెంటికీ మధ్య రాజీ శ్రుతులు అనేకం వాడుకలో ఉన్నాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలో తయారీదారు తన కొనుగోలుదారులు వాయించే సంగీతాన్ని చూసి తేల్చుకోవాలి.

వాయించేవారి పద్ధతులు మారినకొద్దీ నాణ్యత అనే మాటకు అర్థం కూడా మారింది. నోటి ఆకారం మార్చి స్వరాన్ని కిందికి వంచే బెండింగ్ బ్లూస్‌కు ప్రాణం. వంచేటప్పుడు ఒకే గదిలోని రెండు రీడ్లూ కలిసి పనిచేస్తాయని రాబర్ట్ జాన్‌స్టన్ 1987లో, హెన్రీ బాన్సన్, జేమ్స్ అంటాకీ తదితరులు 1998లో ప్రచురించిన పరిశోధనలు వివరించాయి. పీల్చే రీడు వంగుతుండగా, పలకకూడదనుకున్న ఊదే రీడు మెల్లగా ఆ పని అందుకుంటుంది. వాద్యకారుడు హోవర్డ్ లెవీ 1970 నుంచి అభివృద్ధి చేసిన ఓవర్‌బ్లో పద్ధతి ఇంకా పైకి వెళ్లి, పది రంధ్రాల వాయిద్యంలో లేని స్వరాలను కూడా రాబడుతుంది. దీనికి రీడు కొస ప్లేటు నుంచి ఎంత ఎత్తున ఉంది, చీలిక ఎంత బిగువుగా ఉంది అన్నవి కీలకం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు వాయిద్యం మీద ఓవర్‌బ్లో సరిగా రాకపోతే, కొన్నవారు దాన్ని విప్పి సరిచేసుకోవడమో సరిచేసేవారికి డబ్బివ్వడమో చేసేవారు. కోంబ్ చెక్కదైతే నాదం వెచ్చగా ఉంటుందని, లోహమైతే పదునుగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. కళ్లకు కనపడకుండా పెట్టిన పరీక్షల్లో ఈ తేడాను గుర్తుపట్టడం కష్టమైంది. గాలి బయటికి పోకుండా కోంబ్ ఎంత చదునుగా ఉందన్నదే అసలు సంగతి అనిపిస్తుంది.

ఈ నైపుణ్యం ఎక్కడ ఎలా పోగైందో చరిత్ర చెబుతుంది. నల్లడవి ప్రాంతంలో గడియారాలు చేసే మథియాస్ హోనర్ 1857లో ట్రోసింగెన్‌లో మౌత్ ఆర్గాన్లు చేయడం మొదలుపెట్టాడు. తొలి ఏడాది అక్కడ తయారైనవి సుమారు 650. ఆ ఊళ్లో అంతకుముందే క్రిస్టియన్ మెస్నర్ ఈ పని చేస్తున్నాడు. శాక్సనీలోని క్లింగెంథాల్ ప్రాంతంలో సైడల్ సంస్థ 1847లోనే మొదలైంది. గనుల పని తగ్గిపోయిన కొండప్రాంతంలో జనానికి అది కొత్త జీవనాధారమైంది. ఈ రెండు చోట్లా ఊరు మొత్తం ఈ పనిలో దిగింది. రివెట్లు బిగించేవారు, ప్లేట్లు గీకేవారు, డబ్బాల్లో సర్దేవారు ఇళ్లలోనే ఆ పని చేసేవారు. వారిలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. హోనర్ అమ్మకాలు త్వరలోనే అమెరికాకు పాకాయి. 1896లో వచ్చిన మెరైన్ బ్యాండ్ ఆ తర్వాతి బ్లూస్ సంగీతానికి ప్రధాన వాయిద్యమైంది. 1920ల చివరికి ఆ సంస్థ పోటీదారులైన మెస్నర్, వైస్, కోఖ్ కంపెనీలను కలిపేసుకుని, ఏటా కోట్లలో వాయిద్యాలు పంపే స్థాయికి చేరింది. యంత్రాలు, వాటిని బాగుచేసేవాళ్లు, ఇత్తడిని ఎలా సాగదీయాలో తెలిసినవాళ్లు ఒకే ఊళ్లో తరాలుగా ఉండడం వల్లే అంత ఉత్పత్తి సాధ్యమైంది. ఈ జ్ఞానం పుస్తకాల్లోకి ఎక్కలేదు, చేతుల్లోనే ఉండిపోయింది. బయటివారు ఈ పని అందుకోలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అమెరికాలో సొంత తయారీ ప్రయత్నాలకు తొలి ఊపు యుద్ధం వల్ల వచ్చింది. అంతకుముందే 1930లలో న్యూజెర్సీలోని యూనియన్ పట్టణంలో విలియం క్రాట్ సంస్థ మౌత్ ఆర్గాన్లు, గాయకులు శ్రుతి చూసుకునే పిచ్ పైపులు చేసేది. మాస్టర్ కీ పేరుతో వచ్చిన ఆ పిచ్ పైపు ఎన్నో గాయక బృందాలకు పరిచయం. రెండో ప్రపంచయుద్ధంతో జర్మన్ సరుకు ఆగిపోయింది. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన ఫిన్ మాగ్నస్ అప్పుడు రీడ్లతో సహా అంతా ప్లాస్టిక్‌తోనే వాయిద్యం చేశాడు. లోహపు రీడును జర్మన్ల స్థాయిలో చేయడం కష్టమైనప్పుడు అతను రీడు లోహాన్నే వదిలేశాడు. ఆలోచన తెలివైనదే. సైనికుల చేతుల్లోకి ఈ చవక వాయిద్యాలు విరివిగా వెళ్లాయి. నాణ్యత మాత్రం ఆటవస్తువు స్థాయి దాటలేదు. యుద్ధం ముగిశాక జర్మన్ సరుకు మళ్లీ రాగానే కచేరీ వాయిద్యంగా దానికి స్థానం లేకుండా పోయింది. మాగ్నస్ తర్వాత ఇళ్లలో వాడే కార్డ్ ఆర్గాన్ల వైపు మళ్లాడు.

రెండో ఊపు వాయించేవారి అసంతృప్తి నుంచి వచ్చింది. 1970ల చివరి నుంచి 1980ల దాకా పెద్ద ఫ్యాక్టరీల సరుకు నాసిగా వస్తోందని సంగీతకారులు బహిరంగంగానే అనేవారు. ఈ అసంతృప్తికి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది జో ఫిలిస్కో వంటివారిది. వారు ఫ్యాక్టరీ వాయిద్యాన్ని విప్పి, రీడ్లను ఒక్కొక్కటిగా సరిచేసి, చీలికలను బిగించి, మళ్లీ శ్రుతి చేసి ఇచ్చేవారు. ఒకరిద్దరు మనుషులు నడిపే ఈ పని ఎక్కువ ధరకే అయినా నిలదొక్కుకుంది. రెండో జవాబు వార్ అనే సంగీత బృందంలో వాయించిన లీ ఆస్కార్‌ది. 1983లో అతను తన పేరుతో వాయిద్యం తెచ్చాడు. రూపకల్పన అమెరికాలో జరిగినా తయారీని టోక్యోలోని టోంబో సంస్థకు అప్పగించాడు. 1917లో మొదలైన ఆ జపనీస్ సంస్థకు రీడ్లలో దశాబ్దాల అనుభవం ఉంది. విడి రీడు ప్లేట్లు అమ్మడం, సమాన విభజన శ్రుతిలో నిలకడగా ఉండడం అతని వాయిద్యానికి పేరు తెచ్చాయి. స్వదేశీ తయారీ అన్న లక్ష్యాన్ని వదులుకున్నందువల్లే ఆ వ్యాపారం నిలబడింది.

మొదట చెప్పుకున్న రాక్‌ఫర్డ్ సంస్థ, హారిసన్ హార్మోనికాస్, ఆ లక్ష్యాన్ని వదులుకోలేదు. బ్రాడ్ హారిసన్ స్థాపించిన ఈ సంస్థ రాక్‌ఫర్డ్‌ను ఎంచుకోవడంలో అర్థముంది. బోల్టులు, స్క్రూలు, మెషీన్ టూల్స్ చేసే ఊరుగా రాక్‌ఫర్డ్‌కు పేరు. సూక్ష్మమైన లోహపు పని తెలిసిన కార్మికులు, యంత్రాలు అక్కడ ఉన్నాయి. బి-రాడికల్ అన్న ఆ వాయిద్యాన్ని, కొన్న తర్వాత సరిచేయించుకునే అవసరం లేకుండా బెండ్లకూ ఓవర్‌బ్లోలకూ పనికొచ్చేలా సిద్ధంగా ఇవ్వాలనేది ఆలోచన. ధర సుమారు 180 డాలర్లు. అప్పట్లో మంచి ఫ్యాక్టరీ వాయిద్యం ముప్పై, నలభై డాలర్లకు దొరికేది. కస్టమ్ పనివాళ్లు సరిచేసి ఇచ్చేవాటి ధరల వరుసలోకి ఇది చేరింది. కాబట్టి ధర తప్పని చెప్పలేం. రీడు కూడా అమెరికాలోనే చేయాలన్న పట్టుదల ఈ ప్రయత్నానికి గౌరవం తెచ్చింది. భారమంతా దాని మీదే పడింది.

వాయిద్యం ప్రకటించిన నాటికీ కొన్నవారి చేతికి అందిన నాటికీ మధ్య చాలా కాలం గడిచింది. ముందుగా డబ్బు కట్టిన సంగీతకారులు ఎదురుచూశారు. అందినవారిలో చాలామంది దాని స్పందనను, గట్టిదనాన్ని మెచ్చుకున్నారు. కొందరికి అందక ముందే 2011లో సంస్థ మూతపడింది. వాయిద్యం చెడ్డదై అది ఓడిపోలేదు. మంచి రీడును ఒకటి చేయడం ఒక ఎత్తు, అదే రీడును వేలసార్లు, అంగీకరించదగ్గ ఖర్చుతో, తిరస్కరించాల్సిన ముక్కలు తక్కువగా చేయడం ఇంకో ఎత్తు. ఆ రెండో దశకు చేరడానికి కావాల్సిన కాలాన్ని ముందస్తు ఆర్డర్ల డబ్బు కొనిపెట్టలేదు. యంత్రాలు, అచ్చులు, జీతాలు, తిరస్కరించిన సరుకు, ఇవన్నీ అమ్మకాలకు ముందే ఖర్చు పెట్టించే పద్దులు. పన్నెండు శ్రుతుల సరుకు నిల్వ ఉంచడం ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది. జి శ్రుతి అడిగినవారికి సి శ్రుతి ఇచ్చి పంపలేం కదా. ఇక్కడ పెట్టుబడికి ఓర్పు అవసరం. వాయిద్యం సిద్ధమయ్యే దాకా కొనుగోలుదారు డబ్బు తీసుకోకపోవడమే మేలు. నమ్మకంతో ముందే కట్టినవారి నష్టం, ఆ తర్వాత ఇదే దారిలో వచ్చే సంస్థలన్నిటికీ అనుమానం రూపంలో మిగులుతుంది.

దీనికి పక్కన పెట్టి చూడాల్సిన కథ సైడల్ సంస్థది. తూర్పు జర్మనీ కాలంలో క్లింగెంథాల్‌లోని మౌత్ ఆర్గాన్ పరిశ్రమ ప్రభుత్వ సంస్థగా మారింది. జర్మనీ ఏకమయ్యాక సైడల్ మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చింది. 2004లో దివాలా తీసింది. కొత్త యజమానులు దాన్ని తీసుకుని, తక్కువ ధరలో చైనాతో పోటీపడే దారి వదిలి, మేలురకం వైపు తిప్పారు. కొద్ది ఏళ్లలోనే 1847 అన్న పేరుతో స్టెయిన్‌లెస్ స్టీలు రీడ్ల వాయిద్యం వచ్చింది. ఇత్తడి రీడు గట్టిగా వాయించేవారి చేతిలో కాలక్రమేణా అలసి, పగులు వచ్చి, శ్రుతి తప్పుతుంది. స్టీలు అంతకంటే ఎక్కువ కాలం మన్నుతుంది. కోయడానికీ గీకడానికీ మాత్రం మొండి లోహం. కొత్త లోహానికి సరిపడేలా పనిముట్లు మార్చుకోగలిగింది అంటే ఆ ఊళ్లో పాత నైపుణ్యం పోకుండా ఉండడమే కారణం. పరిమాణంలో చిన్నదైనా సైడల్ మొదటి నుంచి మొదలుపెట్టలేదు. హారిసన్ సంస్థకు లేనిది ఇదే. హోనర్ విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1997 నుంచి ఆ సంస్థలో పెద్ద వాటా తైవాన్ పెట్టుబడిదారులది. మేలురకం మౌత్ ఆర్గాన్ల తయారీ మాత్రం ట్రోసింగెన్‌లోనే ఉంది. యాజమాన్యం చేతులు మారవచ్చు గానీ రీడు చేసే చేయి ఊరు మారడం కష్టం.

బ్రెజిల్‌లో జర్మన్ వలసదారుల పట్టణమైన బ్లూమెనౌలో హెరింగ్ సంస్థ 1923 నుంచి మౌత్ ఆర్గాన్లు చేస్తోంది. వలస వచ్చినవారితో నైపుణ్యం కూడా సముద్రం దాటిన సందర్భం అది. జపాన్‌లో సుజుకి సంస్థ 1950లలో మొదలై, కొన్ని వాయిద్యాల్లో రివెట్టుకు బదులు వెల్డింగ్‌తో రీడ్లను అతికించే పద్ధతి తెచ్చింది. చైనా సంస్థలు మొదట చవక సరుకుకు ప్రసిద్ధి. ఈ మధ్య ఈస్ట్‌టాప్, కోంగ్‌షెంగ్ వంటివి మధ్యస్థాయి, మేలురకం వాయిద్యాలతో నేరుగా పోటీకి దిగాయి. కొత్తగా వచ్చే చిన్న సంస్థకు ఇది అన్నిటికంటే పెద్ద బెడద. మేలురకం అంటే ఎక్కువ ధర అన్న పాత లెక్క ఇక్కడ చెల్లడం లేదు.

భారతదేశంలో ఈ వాయిద్యానికి వినికిడి కొరత లేదు. దోస్తీ చిత్రంలో, 1964లో, మౌత్ ఆర్గాన్ వాయించింది ఆర్.డి. బర్మన్. షోలేలో, 1975లో, భాను గుప్తా వాయించిన స్వరం తెలియని సినీ ప్రేక్షకులు తక్కువ. తెలుగు నేల మీద పద్య నాటకాలకు తోడుగా దశాబ్దాలపాటు మోగిన హార్మోనియం కూడా స్వేచ్ఛగా ఊగే రీడు సూత్రం మీదే పలుకుతుంది. గుజరాత్‌లోని పాలిటానా ఈ హార్మోనియం రీడ్లకు పేరున్న ఊరు. అంటే ఇత్తడి రీడును గీకి శ్రుతి చేసే చేతులు దేశంలో ఉన్నాయి. అయితే తేడాలు చిన్నవి కావు. హార్మోనియం రీడు పెద్దది, ఒక్కో స్వరానికి విడిగా ఒక్కో చట్రం ఉంటుంది, పాడైతే ఆ ఒక్కటీ మార్చవచ్చు. దానికి గాలి తిత్తి నుంచి ఒకే వైపు, ఇంచుమించు ఒకే ఒత్తిడితో వస్తుంది. మౌత్ ఆర్గాన్‌లో పది రీడ్లు ఒకే ప్లేటు మీద ఇరుక్కుని ఉంటాయి. గాలి నోటి నుంచి రెండు వైపులా, తడితో, వేడితో, ఒత్తిడి క్షణక్షణం మారుతూ వస్తుంది. స్వరాన్ని వంచడం అనే పని హార్మోనియం రీడు ఎన్నడూ చేయదు. కాబట్టి పాలిటానా నైపుణ్యాన్ని పునాదిగా తీసుకోవచ్చు గానీ, దాన్నే సిద్ధ వస్తువుగా భావించలేం.

ఇప్పటిదాకా నిలబడ్డ, పడిపోయిన సంస్థల అనుభవం కొత్తవారికి ఒక వరుసను సూచిస్తుంది. ముందు మరమ్మతు, శ్రుతి సరిచేయడం. ఫిలిస్కో వంటివారు అక్కడి నుంచే మొదలై పేరు తెచ్చుకున్నారు. పెట్టుబడి తక్కువ, ప్రతి వాయిద్యం ఒక పాఠం. తర్వాత సొంత కోంబ్‌లు, మూతలు. వాటిని ఇతర సంస్థల రీడు ప్లేట్లకు సరిపడేలా చేస్తే అమ్మకం వెంటనే మొదలవుతుంది. ఇక్కడిదాకా రెండు మూడేళ్లలో రావచ్చు. రీడు ప్లేటును సొంతంగా చేయడం ఆ తర్వాతి మెట్టు, దానికి గడువు పెట్టుకోకూడదు. అప్పుడైనా పన్నెండు శ్రుతులూ ఒకేసారి విడుదల చేయకుండా, ఎక్కువమంది వాడే సి, జి, ఎ, డి వంటివాటితో మొదలుపెట్టి, ఒక్కోటి స్థిరపడ్డాకే మిగతావి తేవడం భరించగల దారి. విడి రీడు ప్లేట్లు మొదటి రోజు నుంచే అమ్మకానికి ఉండాలి. ఏ రీడైనా ఎప్పుడో ఒకప్పుడు అలసిపోతుంది. ఖరీదైన వాయిద్యం కొన్నవారు ఒక్క రీడు కోసం మొత్తాన్ని పక్కన పడేయరు, విడి ప్లేటు దొరికే సంస్థనే మళ్లీ వెతుక్కుంటూ వస్తారు.